ఒక్క బెజ్జం కోసం ఇరవై ఏళ్ల పంచాయితీ

నల్లగొండ ప్రకాశం బజారులో సెల్ సామాన్లు అమ్మే దుకాణానికి పోయి ఛార్జర్ కావాలంటే ఇప్పుడు ఒకటే ప్రశ్న వస్తుంది: ‘సీ టైపా?’ అవునంటే బేరం మొదలవుతుంది. పదిహేను, పదహారేళ్ల కింద ఇదే మాట అడిగితే పెద్ద విచారణే జరిగేది. ఏ కంపెనీ, ఏ మోడల్, లావు పిన్నా, సన్న పిన్నా, ఫోన్ తెచ్చినవా, ఏదీ చూపియ్. ఫోన్ ఇంట్లో మరిచి వచ్చినవాడు గాల్లో వేలితో గీసి చూపించేవాడు: ‘ఇంత వెడల్పు ఉంటదన్నా, పలక లెక్క.’ దుకాణదారు గోడకు వేలాడే గుత్తిలోంచి ఒకటి లాగి చేతిలో పెట్టేవాడు. అది ఫోన్‌కు పడుతుందో లేదో ఊరికి పోయాకే తెలిసేది. పడకపోతే మళ్లీ నల్లగొండ బస్సెక్కడమే.

ఆ కాలపు ఛార్జర్లు మా ఇంట్లో ఒక బిస్కెట్ డబ్బాలో ఇప్పటికీ ఉన్నాయి. దసరాకు ఇల్లు సదురుతుంటే బయటపడ్డాయి. చిక్కుపడ్డ వైర్లు విడదీసి లెక్కపెడితే పదకొండు. నోకియా లావు పిన్నువి రెండు, సన్న పిన్నువి మూడు, దువ్వెన ముక్కలా ఉండే సోనీ ఎరిక్సన్‌ది ఒకటి, శాంసంగ్ పలక పిన్నువి రెండు, రెండు మైక్రో యూఎస్‌బీవి, పేరే లేని చైనా ఫోన్‌ది ఒకటి. ప్లగ్గులో పెట్టి చూస్తే కాలిపోయింది ఒక్కటే. మిగతా పదింటికీ ఏ రోగమూ లేదు, వాటిలో చాలావాటికి గుచ్చడానికి ఫోన్లే లేవు.

ఇన్ని రకాలు ఎట్లా పుట్టాయంటే, మొదట్లో దానికి కంపెనీల దురాశ ఒక్కటే కారణం అనలేం. సెల్ ఫోన్లు వచ్చిన కొత్తలో అందరూ ఒప్పుకున్న కొలతంటూ ఏదీ లేదు. ఒక్కో ఫోన్ అడిగే వోల్టేజీ వేరు. కొందరు ఛార్జింగుకూ, ఇయర్ ఫోన్‌కూ, కంప్యూటర్‌కు కలపడానికీ కలిపి ఒకే వెడల్పాటి సాకెట్ పెట్టారు. నోకియా గుండ్రటి పిన్నుతో సరిపెట్టింది. 2000లో వచ్చిన 3310కి, 2003లో వచ్చి ఊరూరా పాకిన 1100కి ఉన్నది 3.5 మిల్లీమీటర్ల లావు పిన్ను. రెండు మూడేళ్లు తిరగకముందే అదే కంపెనీ 2 మిల్లీమీటర్ల సన్న పిన్నుకు మారింది. పాత ఛార్జర్‌ను కొత్త ఫోన్‌కు కలిపే బొటనవేలంత ముక్కను సీఏ-44 అని పేరు పెట్టి విడిగా అమ్మింది. ఒక్క కంపెనీ ఇంట్లోనే రెండు పిన్నుల కాపురమైతే, నాలుగు కంపెనీల సంగతి చెప్పేదేముంది! పైగా ఛార్జర్ పోయిన ప్రతిసారీ మనిషి తమ దగ్గరికే రావాలి కాబట్టి, ఆ తేడా పోవాలని తొందరపడ్డ కంపెనీ ఏదీ లేదు.

మన దగ్గర పెద్దవాళ్లు హాలి, కల్దార్ అని రెండు రూపాయల లెక్క చెప్పేవారు. హాలి నిజాం రూపాయి, కల్దార్ ఇంగ్లీషోళ్ల రూపాయి. రెండూ రూపాయలే, కానీ సరిహద్దు దాటి బెజవాడ పోతే హాలి చెల్లదు, వట్టం కట్టి మార్చుకోవాలి. 1950ల చివరిదాకా ఆ బాధ నడిచింది. ఛార్జర్లదీ అదే కథ. కరెంటు ఒకటే, గోడకున్న ప్లగ్గు ఒకటే, మధ్యలో ఎవరి సిక్కా వారిది.

నిజానికి మన ఊళ్లకు మొదటి యూనివర్సల్ ఛార్జర్‌ను తెచ్చింది ఏ ప్రభుత్వమూ కాదు, ఏ పెద్ద కంపెనీ కాదు. అది క్లిప్పు ఛార్జర్. ఫోన్ వెనక మూత తీసి, బ్యాటరీ ఊడబెరికి, బట్టల క్లిప్పులా నోరు తెరిచే ఆ ప్లాస్టిక్ డబ్బాలో ఇరికించాలి. లోపల రెండు సన్నటి తీగలు అటూ ఇటూ జరుగుతాయి. వాటిని బ్యాటరీ మీది ప్లస్, మైనస్ రేకులకు తగిలేలా గోటితో సర్దాలి. సరిగ్గా తగిలితే లైటు వెలుగుతుంది. కొన్ని రకాలకైతే ప్లస్ ఏదో మైనస్ ఏదో చూడాల్సిన పని కూడా లేదు, అవే పసిగట్టేవి. ఫోన్ల పిన్నులు ఎన్ని రకాలైనా లోపలున్న బ్యాటరీలు దాదాపు అన్నీ 3.7 వోల్టుల లిథియం బ్యాటరీలే కాబట్టి ఈ ఉపాయం పారింది. ఎండాకాలం కరెంటు కోతలప్పుడు ఇన్వర్టర్ ఉన్న కిరాణా దుకాణంలో ఈ క్లిప్పులు వరసగా మెరుస్తుండేవి. ఎవరి బ్యాటరీ ఎవరిదో కలిసిపోకుండా తెల్ల ప్లాస్టర్ అంటించి ఇంటిపేరు రాసేవాళ్లు. ఆ తర్వాత కంపెనీలు బ్యాటరీని ఫోన్ లోపల అతికించేయడం మొదలుపెట్టేసరికి ఆ క్లిప్పు చరిత్రలో కలిసింది. నాకు ఇప్పటికీ దాని మీద గౌరవమే.

పాలమూరు నుంచి ముంబై, పుణెలకు పనికి పోయేవాళ్లకు ఈ తేడా ఇంకా గట్టిగా తగిలేది. సైటు మీద ఇరవై మంది ఉండే రేకుల షెడ్డుకు ఒకటే స్విచ్ బోర్డు. అక్కడ ఎవరి ఛార్జర్ పాడైనా, పక్కవాడిది అదే పిన్ను అయితేనే ఆ రాత్రి ఇంటికి ఫోన్.

ప్రభుత్వాల వైపు నుంచి ముందుగా కదిలినవాటిలో చైనా ఒకటి. 2006 డిసెంబర్‌లో ఒక ప్రమాణం ప్రకటించి 2007 జూన్ నుంచి అమల్లో పెట్టింది. అందులోని ఆలోచన చిన్నదే: ఛార్జర్‌ను రెండు ముక్కలు చెయ్. గోడకు పెట్టే దిమ్మెకు అందరూ ఒకేలాంటి యూఎస్‌బీ బెజ్జం పెట్టాలి, ఫోన్ వైపు పోయే వైరు విడిగా ఊడి రావాలి. దీంతో పిన్ను మారినా వైరు మారిస్తే చాలు, దిమ్మె అట్లాగే ఉంటుంది. ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది యూరప్ నుంచి మొదలుపెడతారు గానీ, నా లెక్కలో సగం సమస్య తీరింది ఇక్కడే. ప్రపంచం వాడే ఫోన్లలో ఎక్కువ భాగం చైనాలోనే తయారవుతున్నాయి కాబట్టి ఆ రెండు ముక్కల అలవాటు మన బజార్లకూ వచ్చింది. బస్సు సీట్ల పక్కన, రైల్లో, బైకు హ్యాండిల్ దగ్గర యూఎస్‌బీ బెజ్జాలు పెట్టుకోగలుగుతున్నామంటే దిమ్మె, వైరు విడిపోయినందుకే.

ఫోన్ వైపు బెజ్జం సంగతి మాత్రం తేలలేదు. 2007లో మైక్రో యూఎస్‌బీ వచ్చింది. దుకాణాల్లో ఇప్పటికీ దాన్ని ‘వీ8 పిన్ను’ అంటారు. ఆ పిన్నుతో వచ్చిన మోటొరోలా రేజర్ వీ8 నుంచి ఆ పేరు నిలిచిపోయిందంటారు. ఫోన్ బజారులోంచి ఎప్పుడో పోయింది, పేరు మాత్రం గోడకు వేలాడుతోంది. 2009 ఫిబ్రవరిలో బార్సిలోనాలో మొబైల్ కంపెనీల సంఘం జీఎస్ఎంఏ, 2012 నాటికి అందరికీ ఒకే ఛార్జర్ అని మాటిచ్చింది. అదే ఏడాది జూన్‌లో, మీరు చేయకపోతే చట్టం తెస్తామని యూరప్ దేశాల కూటమి పాలన చూసే యూరోపియన్ కమిషన్ గట్టిగా అనేసరికి నోకియా, శాంసంగ్, ఆపిల్, మోటొరోలాతో కలిపి పది కంపెనీలు మైక్రో యూఎస్‌బీకి ఒప్పుకుంటూ సంతకాలు పెట్టాయి. తర్వాత వాటి సంఖ్య పద్నాలుగుకు చేరింది.

ఆ ఒప్పందంలో ఒక సందు ఉంది. ఫోన్‌కే మైక్రో బెజ్జం ఉండాలని లేదు, మధ్యలో తగిలించే అడాప్టర్ ముక్క అమ్మినా చాలు. సంతకం పెట్టిన ఆపిల్ ఆ సందులోంచే నడిచింది. 2003 నుంచి వాడుతున్న 30 పిన్నుల వెడల్పాటి సాకెట్‌ను 2012లో ఐఫోన్ 5తో మార్చినప్పుడు మైక్రోకు రాలేదు, లైట్నింగ్ అనే సొంత పిన్ను తెచ్చింది. దాని వైరు ఇంకో కంపెనీ చేసి అమ్మాలంటే ఆపిల్ దగ్గర లైసెన్సు తీసుకోవాలి, లోపల గుర్తింపు చిప్ ఉండాలి. మిగతా లోకంలో మాత్రం ఒప్పందం బాగానే పనిచేసింది. యూరప్‌లో ముప్పై రకాల ఛార్జర్లు కొన్నేళ్లలో మూడు రకాలకు దిగాయి. ఇష్టపడి చేస్తామన్న మాటతో అంతదూరం వచ్చింది, చివరి మెట్టు మాత్రం ఎక్కలేదు.

మైక్రో పిన్నును మనం ఎట్లా భరించామో తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఒకవైపు వెడల్పు, ఇంకోవైపు ఇరుకు. చీకట్లో గుచ్చితే మొదటిసారి ఎప్పుడూ తిరగబడే ఉండేది. బలవంతంగా తోస్తే లోపలి నాలుక వంగేది. విచిత్రమేమంటే దాన్ని చేసినవాళ్లు అరుగుదల గురించి బాగానే ఆలోచించారు. పట్టి ఉంచే స్ప్రింగును ఫోన్‌లో పెట్టకుండా వైరు వైపు పెట్టారు, అరిగితే చవకైన వైరే అరగాలని. పదివేల సార్లు గుచ్చి తీసినా తట్టుకోవాలని లెక్క కట్టారు. మన ఇళ్లలో మాత్రం ఏడాదికే వదులయ్యేది. వైరును ఫోన్ చుట్టూ తిప్పి రబ్బరు బ్యాండు వేసి, ఒక పక్కకు వంచి, మీద పుస్తకం పెట్టి, ఊపిరి బిగబట్టి కూర్చుంటే ఛార్జింగ్ ఎక్కేది. ఎవరన్నా మంచాన్ని కదిపితే మళ్లీ మొదటికే.

2014 ఆగస్టులో సీ టైప్ ప్రమాణం ఖరారైంది. పైన పన్నెండు, కింద పన్నెండు, మొత్తం ఇరవై నాలుగు స్పర్శ రేకులు. పై వరసనే తిప్పి కింద పెట్టినట్టు ఉంటుంది కాబట్టి ఎటు తిప్పి పెట్టినా పడుతుంది. దాన్ని తయారుచేసిన బృందాల్లో ఆపిల్ ఇంజనీర్లూ ఉన్నారు. 2015లో ఆపిల్ తన ల్యాప్‌టాప్‌కు పెట్టుకుంది కూడా, ఐఫోన్‌కు మాత్రం పెట్టలేదు. ఆండ్రాయిడ్ ఖరీదైన ఫోన్లు అప్పటినుంచే సీ టైప్‌కు మారడం మొదలుపెట్టాయి. ఆరేడు వేల రూపాయల ఫోన్ల దాకా అది దిగడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

యూరోపియన్ పార్లమెంటుకు ఓపిక అయిపోయింది. 2020 జనవరిలో చట్టం తెమ్మని తీర్మానం చేసింది, 2021 సెప్టెంబర్‌లో కమిషన్ ముసాయిదా పెట్టింది. వాడకుండా పడేసే ఛార్జర్ల చెత్త యూరప్‌లో ఏడాదికి 11,000 టన్నులని కమిషన్ అంచనా. ఒకే పిన్ను అని శాసిస్తే కొత్త ఆవిష్కరణలు ఆగిపోతాయని, పాత వైర్లన్నీ చెత్తకే పోతాయని ఆపిల్ వాదించింది. రెండో మాటలో కొంత నిజముంది, మొదటిది నాకు ఎన్నడూ ఎక్కలేదు. 2022 అక్టోబర్ 4న 602 మంది అనుకూలంగా, 13 మంది వ్యతిరేకంగా ఓటేసి చట్టాన్ని దాటించారు. ఫోన్లు, ట్యాబ్‌లు, కెమెరాలు, ఇయర్ ఫోన్ల వంటివాటికి 2024 డిసెంబర్ 28 నుంచి, ల్యాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ 28 నుంచి వర్తించేలా గడువులు పెట్టారు. గడువుకు ఏడాది ముందే, 2023 సెప్టెంబర్‌లో, ఐఫోన్ 15 సీ టైప్‌తో వచ్చింది. యూరప్ కోసం ఒకటి, మనకోసం ఒకటి అని రెండు రకాలు చేయడం దండగ కాబట్టి యూరప్ చట్టం ఫలితం మహబూబ్‌నగర్ కొనుగోలుదారుడికీ దక్కింది.

మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 ఆగస్టులో కంపెనీలను పిలిచి మాట్లాడింది. నవంబర్ 16న శాఖ కార్యదర్శి రోహిత్ కుమార్ సింగ్ అధ్యక్షతన జరిగిన సమావేశంలో స్మార్ట్‌ఫోన్లు, ట్యాబ్‌లు, ల్యాప్‌టాప్‌లకు సీ టైప్ ఉండాలన్న దానిమీద ఏకాభిప్రాయం కుదిరింది. భారత ప్రమాణాల సంస్థ దానికి ఐఎస్/ఐఈసీ 62680-1-3 అనే ప్రమాణాన్ని ప్రచురించింది. ప్రమాణం ప్రచురించడం, తప్పనిసరి చేయడం రెండూ ఒకటి కాదు. ఇక బటన్ ఫోన్లను ఆ మాటల్లోనే పక్కన పెట్టారు. వాటికి వేరే ఛార్జర్ చూద్దామన్నారు, చవక ఫోన్ ధర పెరుగుతుందన్న భయంతో. కూలికి పోయేవాళ్ల చేతుల్లో, ముసలివాళ్ల జేబుల్లో ఉండేవి అవే కదా! 2024లో కొత్తగా వచ్చిన నోకియా 3210కి సీ టైప్ పెట్టారు గానీ, అంతకంటే చవకవాటిలో చాలా వీ8 పిన్నుతోనే వచ్చాయి.

బెజ్జం ఒకటైంది కదా అని దుకాణంలో ప్రశ్నలు తగ్గలేదు. ‘సీ టైపా?’ తర్వాత ఇప్పుడు ‘ఎన్ని వాట్లు?’ అంటున్నారు. యూఎస్‌బీ ప్రమాణం చేసేవాళ్ల సొంత వేగం ఛార్జింగ్ పద్ధతి పవర్ డెలివరీ 2021 నుంచి 240 వాట్ల దాకా పోతుంది. ఫోన్ కంపెనీలు మాత్రం ఎవరి వేగం పద్ధతి వారు పెట్టుకున్నాయి. ఒక కంపెనీ 80 వాట్ల ఛార్జర్‌ను ఇంకో కంపెనీ ఫోన్‌కు పెడితే పిన్ను హాయిగా పడుతుంది, ఛార్జింగ్ మాత్రం నత్తలా ఎక్కుతుంది. పాత గొడవ పిన్ను మీద కళ్లకు కనిపించేది, ఇది వైరు లోపల దాక్కుంది. యూరప్ చట్టం దీన్నీ పట్టుకుంది: 15 వాట్లు దాటి ఛార్జ్ అయ్యేదేదైనా పవర్ డెలివరీని కూడా ఒప్పుకోవాలి.

మొన్న పొలం దగ్గరికని ఒక టార్చిలైటు కొన్నాను. సీ టైప్ బెజ్జమే. ఫోన్‌తో వచ్చిన రెండు వైపులా సీ ఉన్న వైరు పెడితే చలనం లేదు. పాడైందని తిరిగి తీసుకుపోతే దుకాణంలో కుర్రాడు నవ్వి, ‘పాత దిమ్మెకు పెట్టండి సార్’ అన్నాడు. సంగతేమంటే, రెండు వైపులా సీ ఉన్నప్పుడు అవతల నిజంగా కరెంటు తీసుకునే వస్తువు ఉందని తేలితేనే ఛార్జర్ కరెంటు వదులుతుంది. ఆ గుర్తు చెప్పడానికి వస్తువు లోపల 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు (కరెంటును కొంత అడ్డుకునే చిన్న ముక్కలు) రెండు ఉండాలి. వాటి ఖరీదు పైసల్లోనే. చవక టార్చిలు, ట్రిమ్మర్లు చేసేవాళ్లు ఆ పైసలు కూడా మిగుల్చుకుంటారు. పాత వెడల్పాటి యూఎస్‌బీ బెజ్జం ఉన్న దిమ్మె అయితే ఎవరినీ ఏమీ అడగదు, ఎప్పుడూ 5 వోల్టులు ఇస్తూనే ఉంటుంది.

ఇంటికొచ్చి బిస్కెట్ డబ్బా తీశాను. పదకొండింటిలో వైరు ఊడివచ్చే దిమ్మె ఒకటుంది, పాత మైక్రో ఫోన్‌తో వచ్చింది. దానికి ఒకవైపు పాత వెడల్పాటి పిన్ను ఉన్న సీ వైరు తగిలించి టార్చికి పెడితే ఎర్ర లైటు వెలిగింది.