ఒకటికి ఒకటే పుట్టాలి

నల్లగొండ

చిన్నూ, శ్రావ్యా, బుజ్జీ,

ముగ్గురికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. విడివిడిగా రాస్తే ఎవరికి తక్కువ రాశానని మళ్ళీ కొట్లాడుకుంటారు. "క్యాన్సర్ అంటే కణాలు ఆగకుండా విడిపోవడమే కదా తాతా, మరి ఆ లెక్క ఎక్కడ తప్పుతుంది?" అని శ్రావ్య ఫోన్‌లో అడిగింది. ఫోన్‌లో తేలే ముచ్చట కాదు బిడ్డా అన్నాను. లెక్క తప్పే చోట్లు చాలా ఉన్నాయి. అందులో ఒక్కదాని గురించే రాస్తాను. ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పి రిటైరయినా, నాకు ఇప్పటికీ ముచ్చటేసేది అదే. అది కణంలో ఉండే ఒక ప్రొటీన్, పేరు పీఎల్‌కే4.

మీ స్కూల్లో కణవిభజన చూపించాలంటే ఉల్లిగడ్డ వేరు తీసుకుంటారు. నీళ్ళ గ్లాసు మూతి మీద ఉల్లిగడ్డ పెడితే కొన్ని రోజుల్లో తెల్లటి వేర్లు దిగుతాయి. కొన కోసి, ఎసిటోకార్మిన్ చుక్క వేసి, కాస్త వేడి చూపించి, కవర్‌స్లిప్ పెట్టి బొటనవేలితో నొక్కితే ఎర్రటి క్రోమోజోములు కనబడతాయి. కొన్ని కణాల్లో నడిమధ్య వరుసకట్టి ఉంటాయి, కొన్నింట్లో రెండు వైపులకూ జరిగిపోతూ ఉంటాయి. కానీ నేను చెప్పబోయేది ఆ స్లైడ్‌లో ఎంత వెతికినా దొరకదు. ఉల్లిగడ్డకు సెంట్రియోల్ లేదు. పూలు పూసే మొక్కలన్నీ అది లేకుండానే పని కానిచ్చేస్తాయి. మనకు, కోడికి, చేపకు ఉంటుంది.

సెంట్రియోల్ అంటే చిన్న గొట్టం. మిల్లీమీటరును నాలుగు వేల భాగాలు చేస్తే ఒక భాగమంత వెడల్పు. దాని గోడలో తొమ్మిది కట్టలు, ఒక్కో కట్టలో మూడు సన్నటి నాళికలు. కణంలో ఇవి జతగా ఉంటాయి. కణం తన డీఎన్ఏను రెట్టింపు చేసుకునేటప్పుడే ఒక్కో పాతదాని పక్కన ఒక్కో కొత్తది పుడుతుంది. అలా నాలుగవుతాయి. రెండు ఈ కొసకు, రెండు ఆ కొసకు పోతాయి. ఆ కొసల నుంచి కండె పోగులనే సన్నటి దారాలు వచ్చి క్రోమోజోములను పట్టుకుని ఇటు 46, అటు 46 లాగుతాయి.

మన దగ్గర అన్నదమ్ముల పంపకం చూశారు కదా. ఇటు నుంచి ఒక పెద్దమనిషి, అటు నుంచి ఒక పెద్దమనిషి కూర్చుంటే చెలక, పొలం, బాయి కాడి మోటరు అన్నీ లెక్క తేలతాయి. మూడో మనిషి, నాలుగో మనిషి వచ్చి కూర్చుంటే ఇక తెగదు, తలోవైపు లాగుతారు. కణానికి కొసలు ఎక్కువైనా ఇదే గతి.

ఈ సంగతిని వందేళ్ళ కిందే ఒకాయన పసిగట్టాడు. జర్మనీకి చెందిన థియోడర్ బొవెరీ సముద్రపు అర్చిన్ అనే ముళ్ళ జీవి గుడ్లలోకి ఒకటికి బదులు రెండు వీర్యకణాలు దూరితే ఏమవుతుందో చూశాడు. ఆ జీవుల్లో సెంట్రియోల్‌ను తెచ్చేది వీర్యకణమే. కాబట్టి రెండు దూరితే గుడ్డుకు నాలుగు కొసలు వచ్చాయి. క్రోమోజోములు ఎటుపడితే అటు పోయాయి, పిండాలు చాలావరకు చెడిపోయాయి. క్యాన్సర్ గడ్డ కూడా ఇలా క్రోమోజోముల లెక్క తప్పిన కణం నుంచే పుడుతుందేమోనని 1914లో రాశాడు. చేతిలో మైక్రోస్కోపు తప్ప పెద్దగా ఏమీ లేని రోజుల్లో ఆ మాట అనడానికి గుండె ధైర్యం కావాలి.

కొత్త సెంట్రియోళ్ళు పుట్టించేది పీఎల్‌కే4 అని 2005లో రెండు వేర్వేరు బృందాలు చూపించాయి. ఇదొక కైనేజ్, అంటే ప్రొటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్. ముందు పాత గొట్టం చుట్టూ చేరుతుంది, తర్వాత ఒకే చోటికి కుదించుకుపోతుంది. స్టిల్, సాస్-6 అనే ప్రొటీన్లను అక్కడికి రప్పిస్తుంది. సాస్-6 బండి చక్రంలా తొమ్మిది ఆకుల చక్రం కడితే, దాని మీద కొత్త గొట్టం లేస్తుంది.

అసలు విశేషం ఇక్కడ. పీఎల్‌కే4 ఫాస్ఫేట్ తగిలించేది ఇతరులకే కాదు, తనకు కూడా. ఆ గుర్తు పడిందంటే కణంలో పనికిరాని ప్రొటీన్లను నరికే యంత్రాంగం వచ్చి దాన్ని ముక్కలు చేస్తుంది. ఎక్కువ పోగైతే అంతే తొందరగా పోతుంది. అందుకే అది కణంలో ఎప్పుడూ కొద్దిగానే ఉంటుంది. పరీక్షలో ఇది అడగరు గానీ, నన్నడిగితే మార్కులన్నీ దీనికే ఇవ్వాలి.

ఈ అదుపు తప్పి పీఎల్‌కే4 ఎక్కువైతే ఒక్క తల్లి గొట్టం చుట్టూ చాలా పిల్లలు మొలుస్తాయి. క్యాన్సర్ కణం గడుసుది. అదనపు కొసలను చాలాసార్లు రెండు గుంపులుగా చేర్చి చావు తప్పించుకుంటుంది. కానీ ఆ సర్దుబాటులో కొన్ని క్రోమోజోములను రెండు వైపుల నుంచీ పోగులు పట్టేసుకుంటాయి. ఒక బిడ్డ కణానికి ఒకటి ఎక్కువ, ఇంకోదానికి ఒకటి తక్కువ. ఎలుకల్లో పీఎల్‌కే4ను పెంచి చూస్తే గడ్డలు వచ్చాయని 2017లో తేలింది. తమాషా ఏమిటంటే, దాని జన్యువు రెండింట్లో ఒకటి లేని ఎలుకలకు కూడా ముసలితనంలో కాలేయం, ఊపిరితిత్తుల్లో గడ్డలు వచ్చాయి. ఎక్కువైనా తంటానే, తక్కువైనా తంటానే. అలాగని క్యాన్సర్లన్నింటికీ ఇదే కారణమని ఎవరన్నా అంటే నమ్మకండి.

మరి దీన్ని ఆపేస్తే? 2015లో సెంట్రినోన్ అనే రసాయనంతో ఆపి చూశారు. కణాలు విడిపోతున్నకొద్దీ సెంట్రియోళ్ళు తగ్గి చివరికి మాయమయ్యాయి. ఆరోగ్యమైన కణాన్ని పీ53 అనే ప్రొటీన్ అక్కడే నిలబెట్టేసింది. చాలా క్యాన్సర్ కణాలు మాత్రం ఉల్లిగడ్డ లాగే అవి లేకుండానే సాగిపోయాయి. ఇంకేం లాభం అనిపిస్తుంది కదా? 2020లో ఇంకో సంగతి బయటపడింది. ట్రిమ్37 అనే ప్రొటీన్ మితిమీరిన కొన్ని రొమ్ము క్యాన్సర్ కణాలు, సెంట్రియోళ్ళు పోతే కండె సరిగా కట్టుకోలేక చచ్చిపోతాయి.

ఇప్పుడు కీమోలో వాడే పాక్లిటాక్సెల్ లాంటి మందులు కండె పోగులనే కదలకుండా బిగబట్టేస్తాయి. దాంతో తరచుగా విడిపోయే మంచి కణాలకూ దెబ్బ తగులుతుంది, జుట్టు రాలేది అందుకే. మన జిల్లా నుంచి హైదరాబాద్ ఎంఎన్‌జే ఆసుపత్రికి పోయి వచ్చినవాళ్ళను మీరూ చూసే ఉంటారు. గడ్డలో ట్రిమ్37 ఎంతుందో ముందే పరీక్ష చేసి, ఎక్కువున్నవాళ్ళకు పీఎల్‌కే4ను ఆపే మందు ఇవ్వొచ్చన్నది పరిశోధకుల ఆలోచన. అలాంటి మందులను మనుషుల మీద పరీక్షించడం మొదలైంది.

బుజ్జికి ఇందులో సగం అర్థం కాదని తెలుసు. చిన్నూ, నువ్వు దగ్గర కూర్చుని బొమ్మ గీసి చెప్పు.

ఇట్లు,
మీ తాత