షిఫ్టుకు వచ్చాక పని లేదంటే: సగం జీతం హక్కు వెనుక కథ

రేణిగుంట, శ్రీసిటీ వైపు వేకువనే కంపెనీ బస్సులెక్కేవాళ్లు తెలుసుకోవాల్సిన నిబంధన ఒకటుంది. షిఫ్టు వేళకు హాజరైన కార్మికుడికి రెండు గంటల్లోగా పని చూపించకపోతే, ఆ రోజుకు అతన్ని 'లే-ఆఫ్' చేసినట్టే (ఉద్యోగం తీసేయకుండా తాత్కాలికంగా పని ఇవ్వనట్టే) లెక్క. రేపు రమ్మని పంపేస్తే సరిపోదు. అర్హత ఉన్నవాళ్లకు మూల వేతనం, కరువు భత్యం కలిపిన మొత్తంలో సగం చెల్లించాలి.

1947లో పారిశ్రామిక వివాదాల చట్టం వచ్చినప్పుడు ఈ హక్కు అందులో లేదు. 1953లో బట్టల మిల్లుల్లో అమ్ముడుపోని సరుకు పేరుకుపోయి, కార్మికులను ఇళ్లకు పంపే పరిస్థితి వచ్చింది. అక్టోబరులో కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది, ఆ వెంటనే దాన్ని చట్ట సవరణగా మార్చింది. కరెంటు లేకపోయినా, ముడిసరుకు రాకపోయినా, యంత్రం చెడినా అందులో కార్మికుడి తప్పు లేదు. యాజమాన్యం చేతిలో లేనివీ వీటిలో ఉంటాయి కాబట్టి నష్టాన్ని చెరిసగం చేశారు.

ఆ నిబంధన రాసినవాళ్లకు గేటు దగ్గరి వ్యవహారం బాగా తెలిసినట్టుంది. పొద్దున వచ్చినవాణ్ణి షిఫ్టు రెండో సగానికి రమ్మని, వచ్చాక పని ఇస్తే, లే-ఆఫ్ సగం రోజుకే. అప్పుడూ పని ఇవ్వకపోతే ఆ సగానికి పూర్తి జీతం ఇవ్వాలి. ఒకే మనిషిని రెండుసార్లు తిప్పినందుకు ఇది తగిన మూల్యమే.

షరతులు మాత్రం గట్టివి. సంస్థలో కనీసం 50 మంది కార్మికులుండాలి. పేరు మస్టర్ రోలులో (కార్మికుల హాజరు పట్టీలో) ఉండాలి, ఏడాది సర్వీసు ఉండాలి. మామూలుగా 240 రోజుల పనిని ఏడాదిగా లెక్కిస్తారు. బద్లీ (వేరొకరి బదులు పనిచేసే), క్యాజువల్ కార్మికులకు ఈ పరిహారం లేదు. సీజనల్ పరిశ్రమలకూ వర్తించదు. చిత్తూరు జిల్లాకు తగిలే దెబ్బ ఇక్కడే. తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీలకు పని మామిడి కాలంలోనే ఎక్కువ. 2025లో పాత గుజ్జు నిల్వలు మిగిలిపోయి కొనుగోళ్లు మందగించాయి. 1953 నాటి మిల్లు కార్మికులను ఇంటికి పంపిన కారణమూ అమ్ముడుపోని నిల్వలే. కానీ అలాంటి నిల్వల వల్ల పని పోయిన సీజన్ కూలీ ఈ పరిహారం అడగలేడు.

చిన్న సంస్థల సంగతి వేరు. ఒప్పందంలోనో, స్టాండింగ్ ఆర్డర్లలోనో (సంస్థ రాతపూర్వక పని నియమాల్లోనో) అధికారం లేకుండా లే-ఆఫ్ చేస్తే పూర్తి జీతమే బాకీ అని ఫైర్‌స్టోన్ టైర్ల కంపెనీ కేసులో సుప్రీంకోర్టు 1976లో చెప్పింది. ఆ కేసులోని కార్యాలయంలో ఉన్నది 50 మంది కన్నా తక్కువే. తిరుపతి హోటళ్లలో, లాడ్జీల్లో పనిచేసేవాళ్లకు ఇది పనికొచ్చే మాట.

పనిలోకి దిగాక మధ్యలో పంపేస్తే మరో ఆధారం ఉంది. పని చూపించకపోవడం యజమాని లోపమైతే, ఆ రోజుకు పూర్తి కూలి ఇవ్వాలని 1948 కనీస వేతనాల చట్టం చెప్పింది. 2019 వేతనాల కోడ్ అదే మాటను నిలబెట్టింది.

2025 నవంబరు 21 నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. రెండు గంటల నియమం, సగం పరిహారం, 50 మంది పరిమితి అలాగే ఉన్నాయి. సీజనల్ మినహాయింపూ ఉంది. ఫలానా పరిశ్రమ సీజనల్ అవునా కాదా అన్న పేచీ వస్తే తేల్చేది ప్రభుత్వమే.