ఇది గోడా, అట్టా? జిప్సం బోర్డుపై అపోహలు - వాస్తవాలు

ఒక గృహప్రవేశంలో భోజనాలకు ముందు ఇల్లు చూడటానికి వచ్చిన పెద్దాయన, మేము వేసిన పడకగది గోడను వేలి కణుపుతో రెండుసార్లు తట్టి, "ఏమయ్యా, ఇది గోడా, అట్టా?" అని అడిగారు. "గోడేనండి" అన్నాను. ఆయన నమ్మలేదు. ఒక జానెడు పక్కకు జరిగి మళ్లీ తట్టారు. అక్కడ లోపల రేకు స్టడ్ (బోర్డును బిగించే నిలువు కమ్మీ) ఉండటంతో చప్పుడు గట్టిగా వచ్చింది. "ఇక్కడ మాత్రం గోడే" అని తీర్పు చెప్పి విస్తరి దగ్గరకు వెళ్లిపోయారు.

ఇరవై ఏళ్లుగా హైదరాబాద్‌లో, విజయవాడలో ఫాల్స్ సీలింగులు, జిప్సం పార్టిషన్లు వేయిస్తున్నాను. ఈ తట్టుడు పరీక్ష జరగని ఇల్లు లేదు. ఇటుక గోడల మధ్య పెరిగిన మనకు, మేకు కొడితే మేకే వంగాలి, అప్పుడే అది గోడ. కాబట్టి అనుమానాన్ని తప్పు పట్టను. అయితే ఇన్నేళ్లలో నన్ను వెనక్కి పిలిపించిన ఫిర్యాదుల్లో బోర్డు తప్పు ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మిగిలినవన్నీ అతుకు దగ్గరో, నీళ్ల దగ్గరో, బోర్డు ఎక్కకముందు ఎవరూ ఆలోచించని చోటో పుట్టినవే.

అపోహ: జిప్సం బోర్డు, పీఓపీ రెండూ ఒకటే

రెండింటికీ తల్లి ఒక్కటే, పెంపకం వేరు. జిప్సం రాయి బరువులో సుమారు ఐదో వంతు నీరే. చేతికి తగిలే తడి కాదు, స్ఫటికంలో ఇరుక్కున్న నీరు. రాయిని వేడిచేసి అందులో ముప్పావు వంతు నీటిని తరిమేస్తే మిగిలే తెల్లటి పొడే పీఓపీ, అంటే ప్లాస్టర్ ఆఫ్ పారిస్. నీళ్లు పోయగానే పోగొట్టుకున్నదంతా తాగేసి మళ్లీ రాయి అవుతుంది. పీఓపీ సీలింగులో ఈ పని మీ ఇంట్లో, మేస్త్రీ చేతిలో జరుగుతుంది. గట్టిపడేలోగా పరచాలి, మందం ఆయన మణికట్టును బట్టి ఉంటుంది. బోర్డులో అదే పని ఫ్యాక్టరీలో రెండు మందపాటి కాగితాల నడుమ జరిగిపోయి, 12.5 మిల్లీమీటర్ల పలకగా మన దగ్గరకు వస్తుంది. ఎక్కువగా దొరికే కొలత ఆరడుగులు, నాలుగడుగులు. కొనేటప్పుడు వెనకవైపు ఐఎస్ 2095 అన్న భారతీయ ప్రమాణ సంఖ్య ఉందో లేదో చూసుకోండి.

ప్లాస్టరునూ కాగితాన్నీ పొరలుగా అతికించిన పలకకు అమెరికాలో అగస్టీన్ సాకెట్ 1894లో పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటి బోర్డుకు అది ముత్తాత. తడి ప్లాస్టరు ఆరేదాకా కూర్చోనక్కర్లేదు కాబట్టి అక్కడ ఈ పద్ధతికి డ్రైవాల్ అనే పేరు స్థిరపడింది. డాలస్‌లో ఉన్న మీ అమ్మాయి ఇంట్లో లోపలి గోడలన్నీ దాదాపు ఇవే. కాకపోతే అక్కడ ఇళ్లలో చట్రం ఎక్కువగా చెక్కది, మన దగ్గర జీఐ (జింకు పూత పూసిన ఇనుప) రేకుది.

చదునైన సీలింగుకు బోర్డు, లతలూ పూలూ చెక్కాల్సిన అంచులకు పీఓపీ అన్నది నా పద్ధతి. రెండింటినీ ఒకే ఇంట్లో వాడతాను, ఎవరితోనూ పేచీ లేదు.

అపోహ: పైన కాగితం ఉంది కాబట్టి ఇట్టే అంటుకుంటుంది

కాగితం మాడుతుంది, నిజమే. దాని వెనక ఉన్నది ఇందాక చెప్పిన నీరు దాచుకున్న రాయి. వేడి తగిలితే ముందు ఆ నీరు ఆవిరై పోవాలి. అది పోయేదాకా బోర్డు వెనకవైపు వేడి నూరు డిగ్రీల దరిదాపుల్లోనే నిలుస్తుంది. మంటను బయట నిలబెట్టి కాసేపు బేరమాడినట్టు. గాజు పోగులు కలిపిన గులాబీ రంగు ఫైర్ బోర్డు ఇంకా ఎక్కువ సేపు ఓర్చుకుంటుంది. అయితే ఆ ఓర్పు మొత్తం గోడ కట్టుబడికి చెందినది. మధ్యలో లైట్లకోసం పదహారు బెజ్జాలు కొట్టి, "ఫైర్ బోర్డే కదా వేశాం" అంటే కుదరదు.

అపోహ: పగుళ్లు వచ్చాయంటే బోర్డు నాసిరకం

నాకు వచ్చే ఫోన్లలో సగం ఇదే మాటతో మొదలవుతాయి. కిందటి ఎండాకాలం ఒకరి హాల్లో సీలింగు పొడవునా గీత గీసినట్టు పగులు. అప్పటికే రెండుసార్లు లప్పం రాసి రంగు వేయించారట, రెండుసార్లూ మళ్లీ వచ్చింది. నిచ్చెన ఎక్కి పగులు వెంట బ్లేడు లాగాను. తెల్లటి పొడి జలజలా రాలి కళ్లద్దాల మీద పడింది. లోపల అతుకును పట్టి ఉంచే కాగితపు టేపు లేదు. రెండు బోర్డుల మధ్య సందులో పీఓపీ కుక్కి, పైన లప్పం పూసి వెళ్లిపోయారు. బోర్డు శుభ్రంగా ఉంది, ఒక్క బీట లేదు.

బోర్డును వేళ్లతో తడిమితే పొడవు అంచు కొంచెం పల్చగా జారినట్టు తెలుస్తుంది. అది ఊరికే పెట్టింది కాదు. రెండు బోర్డుల అంచులు కలిసిన చోట ఏర్పడే ఆ లోయలోనే టేపు, జాయింటింగ్ కాంపౌండ్ (అతుకును నింపే ముద్ద) కూర్చోవాలి. ముందు పల్చగా కాంపౌండ్ పరిచి, అది తడిగా ఉండగానే పేపర్ టేపు అద్ది, కత్తితో గాలి లేకుండా లాగాలి. ఆరాక రెండో పూత ఇంకాస్త వెడల్పుగా. అది ఆరాక మూడో పూత అడుగు వెడల్పున, అంచులు కనపడకుండా పల్చగా. ప్రతి పూత మధ్యా మామూలుగా ఒక రోజు, వానాకాలంలో ఇంకా ఎక్కువ ఆగాలి. సరిగ్గా ఇక్కడే గొడవ. ముహూర్తం ఆగదు, కాంపౌండ్ ఆరదు. మూడు రోజుల పని ఒక రాత్రిలో ముగించమంటే పీఓపీ కుక్కడం తప్ప మేస్త్రీకి ఇంకో దారి ఉండదు. పీఓపీ అరగంటలో రాయవుతుంది, కానీ పెళుసు. బోర్డులు వెంట్రుకవాసి కదిలినా పగిలిపోతుంది.

కదలవా అంటే, కదులుతాయి. పై అంతస్తు శ్లాబు మే నెల ఎండకు వ్యాకోచించి, రాత్రికి ముడుచుకుంటుంది. అందుకే నాలుగు బోర్డుల మూలలు ఒకే చోట కలవకుండా, ఇటుకలు పేర్చినట్టు అతుకులు తప్పించి వేయాలి. తలుపు చట్రం మూలకు సరిగ్గా పైన అతుకు రాకూడదు. అక్కడ బోర్డును తలుపు ఆకారానికి కత్తిరించి చుట్టి రావాలి. ముక్క వృథా అవుతుందని ఈ పని ఎగ్గొట్టిన ఇంట్లో ఏడాది తిరగకముందే తలుపు మూల నుంచి ఏటవాలుగా పగులు పైకి పాకుతుంది. చట్రం రేకు పల్చబడినా, సెక్షన్ల (సీలింగు బోర్డును బిగించే రేకు కమ్మీల) మధ్య దూరం పెంచినా ఇదే ఫలితం. సీలింగు సెక్షన్లు ఒకటిన్నర అడుగుకు ఒకటి ఉండాలి. రెండడుగులకు ఒకటి వేసి మిగిల్చిన డబ్బు తర్వాత రంగులకు ఖర్చవుతుంది.

స్క్రూల సంగతీ ఇంతే. స్క్రూను పట్టి ఉంచేది సున్నపుముద్ద లాంటి లోపలి భాగం అనుకుంటారు, నిజానికి పట్టు కాగితానిది. తల కాగితాన్ని చింపకుండా, దాని మట్టానికి కాస్త లోపలికి దిగాలి. మా కుర్రవాళ్లకు నేను నేర్పే పరీక్ష ఒక్కటే: వెడల్పు కత్తిని స్క్రూల వరుస మీదుగా లాగమంటాను. టిక్కుమంటే తల బయట ఉన్నట్టు. ఏ చప్పుడూ లేకుండా జారితే సరి. మరీ లోతుకు దిగి కాగితం చిరిగితే ఆ స్క్రూ లేనట్టే లెక్క, రెండంగుళాల పక్కన ఇంకోటి వేయాలి.

అపోహ: ఆకుపచ్చ బోర్డు వాటర్‌ప్రూఫ్

కాదు. అది తేమను కొంత ఓర్చుకునే బోర్డు. వంటింట్లో ఆవిరికి, స్నానాల గది బయటి గోడకు సరిపోతుంది. షవర్ నీళ్లు నేరుగా పడే గోడకు సిమెంటు బోర్డు వేసి, దాని మీద వాటర్‌ప్రూఫింగ్ చేసి, అప్పుడు టైల్స్.

మన ఇళ్లలో ఇంకో సంగతి ఉంది. పండుగకు ముందు ఇల్లు కడుగుతాం, బకెట్లతో. అమెరికా పుస్తకాల్లో ఈ సమస్యకు పెద్ద పీట ఉండదు. బోర్డు అడుగు నేలకు తగిలి ఉంటే, దీపం వత్తి నూనె పీల్చినట్టు కాగితం నీటిని పైకి పీలుస్తుంది. నాలుగు పండుగలు గడిచేసరికి గోడ కింద రంగు పొక్కి, వేలితో నొక్కితే మెత్తగా దిగుతుంది. కాబట్టి బోర్డును అర అంగుళం పైకి ఎత్తి బిగించి, కింద సందును సీలెంట్‌తో నింపి, ముందు టైల్ స్కర్టింగ్ వేయిస్తాను. ఈ అర అంగుళం గురించి మేస్త్రీతో వాదించాల్సి వస్తే వాదించండి.

సీలింగు మీద గోధుమరంగు మరక కనబడితే ముందు రంగువాడిని పిలవకండి. పై ఫ్లాట్ స్నానాల గది సంగతి తేల్చుకున్నాకే మమ్మల్ని పిలవండి. ఒకసారి తడిసి, రూపం చెడకుండా ఆరిన బోర్డు బతుకుతుంది. కిందికి జారిన బోర్డు, నొక్కితే మెత్తబడిన బోర్డు ఇక పనికిరాదు. ఆ ముక్క తీసేయాల్సిందే.

అపోహ: సీలింగు వేస్తే ఇల్లు చల్లబడుతుంది

కొంచెం. బోర్డు మందం అర అంగుళం. అది ఆపే వేడి తక్కువే. బోర్డుకూ శ్లాబుకూ మధ్య ఉన్న గాలి కొంత సాయపడుతుంది, ఏసీ చల్లబరచాల్సిన గది చిన్నదవుతుంది. విజయవాడలో పై అంతస్తులో ఉంటూ, వడగాడ్పుల నుంచి రక్షణ కోసమే సీలింగు వేయించాలనుకుంటే, ఆ డబ్బులో కొంత డాబా మీద వేడిని తిప్పికొట్టే తెల్లటి పూతకో, సీలింగు పైన పరిచే రాక్‌వూల్‌కో (రాతి పోగుల దూదికో) పెట్టండి.

అపోహ: పక్క గదిలో గుసగుస కూడా వినిపిస్తుంది

ఇటువైపు ఒక బోర్డు, అటువైపు ఒక బోర్డు, మధ్యలో బోలు. అలా వేస్తే వినిపిస్తుంది, అబద్ధమాడను. లోపల రాక్‌వూల్ నింపి రెండేసి బోర్డులు వేస్తే నాలుగున్నర అంగుళాల ఇటుక గోడకంటే మేలుగా ఆపుతుంది. పైగా రెండువైపులా ప్లాస్టరు చేసిన ఆ ఇటుక గోడ చదరపు మీటరుకు సుమారు 250 కిలోలు తూగితే, ఒక్కో బోర్డు వేసిన పార్టిషన్ దానిలో పదో వంతు తూగుతుంది. రెండేసి వేసినా ఐదో వంతు దాటదు. కింద బీము లేని చోట గది విడగొట్టాలంటే ఆ తేడాయే అసలు విషయం.

చాలాసార్లు చప్పుడు గోడలోంచి రాదు, గోడ పైనుంచి వస్తుంది. పార్టిషన్‌ను శ్లాబుదాకా తీసుకెళ్లకుండా ఫాల్స్ సీలింగు దగ్గరే ఆపేస్తే, మాటలు సీలింగు మీదుగా ఎగిరి పక్క గదిలో దిగుతాయి. రెండు గదుల స్విచ్ బాక్సులు వీపు వీపు ఆనించి పెట్టినా అంతే.

అపోహ: ఏదీ తగిలించలేం

ఫ్యాను మాత్రం ఎప్పుడూ శ్లాబు కొక్కేనికే వేలాడాలి. బోర్డుకు గానీ సీలింగు సెక్షన్‌కు గానీ కాదు. దీని మీద చర్చ లేదు. పెద్ద షాండ్లియర్‌కూ ఇదే నియమం. టీవీ, పుస్తకాల అరలు, వంటింటి అల్మరాలు ఎక్కడ వస్తాయో బోర్డు మూయకముందే చెబితే స్టడ్ల మధ్య ప్లైవుడ్ పట్టీ బిగిస్తాం, ఆ తర్వాత వాటి బరువు గురించి నిశ్చింత. చెప్పకపోతే? చిన్న అయస్కాంతం తీసుకుని గోడ మీద జరపండి. స్క్రూ తల దగ్గర అతుక్కుంటుంది, దాని వెనకే స్టడ్ ఉంటుంది. ఫొటోలు, గడియారం లాంటివి స్టడ్ లేని చోట కూడా బోలు గోడలకు అమ్మే యాంకర్లతో ఆగుతాయి. బోర్డు మూసే ముందు టేపు కొలత ఆనించి నాలుగు గోడలకూ ఫోనుతో ఫొటోలు తీసి దాచుకోమని ప్రతి ఇంటివారికీ చెబుతాను. పదిమందిలో ఇద్దరు తీస్తారు.

చెదలు పట్టవనీ అంటారు. జిప్సం వాటికి రుచించదు, కాగితం రుచిస్తుంది. నేలలోంచి తలుపు చట్రంలోకి చెద వస్తే బోర్డు కాగితాన్ని కూడా తింటుంది. కట్టేటప్పుడే చెదల మందు కొట్టించండి.

అపోహ: బెజ్జం పడితే బోర్డంతా మార్చాలి

తలుపు పిడి గుద్దుకుని గుప్పెడంత బెజ్జం పడిందనుకుందాం. మిగిలిన బోర్డు ముక్క నుంచి బెజ్జం కంటే అన్నివైపులా రెండంగుళాలు పెద్దగా చతురస్రం కోయండి. వెనకవైపు నుంచి నాలుగు అంచులా రెండంగుళాల మేర బ్లేడుతో గాటు పెట్టి, విరిచి, జిప్సం మాత్రం ఒలిచేయండి. ముందు కాగితం చింపకూడదు. ఇప్పుడు చేతిలో ఉన్నది నాలుగు కాగితపు చెవులున్న చిన్న పలక. గోడలోని బెజ్జాన్ని ఆ పలక కొలతకు నలుచదరంగా కోసి, చుట్టూ కాంపౌండ్ రాసి, పలకను లోపలికి నెట్టి, చెవులను గోడ మీద అద్ది కత్తితో లాగేయండి. చెవులే టేపు. ఆరాక మరో రెండు పూతలు. జానెడు కంటే పెద్ద బెజ్జానికి మాత్రం వెనక రేకు పట్టీ పెట్టి స్క్రూ చేయాలి.

అరగదీసేటప్పుడు మాస్కు పెట్టుకోండి, లేదా తడి స్పాంజితో రుద్దండి. ఆ దుమ్ము పిండిలా మెత్తగా ఉండి ఊపిరితిత్తులదాకా పోతుంది. అమెరికాలో పాత ఇల్లు కొన్నవారు ఇంకాస్త జాగ్రత్తపడాలి. ఆస్‌బెస్టాస్ కలిపిన కాంపౌండ్‌ను అక్కడ 1977లో నిషేధించారు. అంతకు ముందటి గోడను పరీక్ష చేయించకుండా గీకవద్దు.

తర్వాత ప్రైమర్. అది లేకుండా రంగు వేస్తే కాంపౌండ్ ఒకలా, కాగితం ఒకలా పీల్చుకుని, సాయంత్రం లైటు పక్కనుంచి పడగానే అతుకు మెరుస్తూ కనబడుతుంది. ప్రైమర్ వేశాక కూడా అతుకు మీద మాత్రమే రంగు పూస్తే తేడా తెలిసిపోతుంది, మూల నుంచి మూల దాకా ఆ గోడ మొత్తం వేయించండి. అందుకని మొదటిసారి మిగిలిన రంగు డబ్బా మీద షేడ్ నంబరు, ఏ గదో రాసి అటక మీద పెట్టుకోండి.