రొంటిన ఒకే సంచి

తెల్లవారుజామున మూడున్నరకు చెన్నై కోయంబేడు మార్కెట్టు పట్టపగలులా ఉంటుంది. మదనపల్లె నుంచి, కోలారు నుంచి వచ్చిన టమాటా లారీలు బారులు తీరి ఉంటాయి. హమాలీలు పెట్టెలు దించుతుంటారు. మండీల ముందు తమిళంలో మొదలైన బేరాలు మధ్యలో తెలుగులోకి మారుతుంటాయి. 1996లో నగరంలోని పాత మార్కెట్టు కొత్తవాల్ చావడి నుంచి టోకు వ్యాపారం ఇక్కడికి తరలివచ్చినప్పుడు మన మాట కూడా దానితోపాటే వచ్చింది. చిత్తూరు వైపు నుంచి వచ్చి ఏళ్ల తరబడి ఇక్కడ ఆకుకూరలు అమ్ముతున్న ఒకామె దగ్గర మా ఇంటికి కూరలు కొంటాను. రోజు వడ్డీ లెక్క నాకు మొదట చెప్పింది ఆమే.

పొద్దున 1,000 రూపాయలు తీసుకుంటుంది. ఆ డబ్బుతో సరుకు కొంటుంది. సాయంత్రం 1,050 తిరిగి కడుతుంది. మర్నాడు మళ్లీ 1,000. అంటే రోజుకు నూటికి ఐదు. ఏడాదిలో 300 రోజులు కొట్టు పెడితే, వెయ్యి రూపాయల పెట్టుబడికి ఆమె కట్టే వడ్డీ 15,000.

ఇంటికి వచ్చి కాగితం మీద ఇంకో లెక్క వేశాను. ఆమె రోజూ 5 రూపాయలు మిగిల్చి మర్నాటి సరుకులో పెడితే ఏమవుతుంది? రెండో రోజు 995 అప్పు చాలు. వడ్డీలో పావలా తగ్గుతుంది. ఆ పావలా కూడా సరుకులోకే వెళ్తుంది. రోజుకు ఐదు చొప్పున వెయ్యి కూడాలంటే 200 రోజులు పట్టాలి. కానీ తప్పిన వడ్డీ మళ్లీ పెట్టుబడిగా మారుతూ పోతుంది కనుక 50 రోజులకే అప్పుతో పని లేకుండా పోతుంది.

ఇంత చిన్న పని ఎందుకు జరగదు? డీన్ కార్లన్, సెంథిల్ ముల్లైనాథన్, బెంజమిన్ రోత్ అనే ఆర్థికవేత్తలు ఈ ప్రశ్నను నేరుగా పరీక్షించారు. చెన్నై చిల్లర వ్యాపారుల్లోనూ ఫిలిప్పీన్స్ వ్యాపారుల్లోనూ కొందరిని లాటరీ పద్ధతిలో ఎంచి, వాళ్ల వడ్డీ అప్పును ఒక్కసారిగా తీర్చేశారు. మిగిలినవారిని అలాగే ఉంచి, రెండు వర్గాల బతుకులనూ పోల్చి చూశారు. కొత్త మందును పరీక్షించేటప్పుడు కొందరికి మందు ఇచ్చి కొందరికి ఇవ్వకుండా చూసినట్టే ఇదీ. లాటరీ ఎందుకంటే, పైకి వచ్చినవాడు తన గుణం వల్ల వచ్చాడా, అందిన సాయం వల్ల వచ్చాడా అన్నది మరో విధంగా తేల్చడం చాలా కష్టం.

2019లో అచ్చయిన ఆ ఫలితం చదివి నేను చాలాసేపు అలాగే కూర్చున్నాను. అప్పు తీరినవారిలో ఎక్కువమంది ఆరు వారాల్లోనే మళ్లీ అప్పులో పడ్డారు. ఏడాది, రెండేళ్లు గడిచాక చూస్తే అప్పు చేయడంలో వాళ్లకూ, ఏ సాయమూ అందని వాళ్లకూ తేడా లేదు.

దీన్ని చూసి పేదలకు పొదుపు తెలియదని తేల్చేసేవాళ్లు ఉంటారు. అది అన్యాయమైన మాట. మార్కెట్‌లో ఒక గంట నిలబడి చూస్తే నా మాట అర్థమవుతుంది. ఆకుకూరలామె రొంటిన దోపుకున్న సంచి ఒక్కటే. సరుకు డబ్బు అందులోనే, బియ్యం డబ్బు అందులోనే. పిల్లవాడి బడి ఫీజు, చుట్టాల పెళ్లికి చదివింపులు, ముసురు పట్టిన రోజు కుళ్లిపోయిన కూర నష్టం, అన్నీ ఆ సంచిలోంచే పోవాలి. ఎవరైనా ఆమె అప్పు తీర్చినా చేతికి వచ్చేది వెయ్యి రూపాయల స్వేచ్ఛ. మర్నాడు పిల్లవాడికి జ్వరం వస్తే ఆ వెయ్యి పెట్టుబడిగా మిగలదు. ముల్లైనాథన్, మనస్తత్వ శాస్త్రవేత్త ఎల్డార్ షఫీర్ కలిసి ఈ స్థితిని వెసులుబాటు లేకపోవడంగా వివరించారు. మూటలో కాస్త ఖాళీ ఉంటే ఇంకో వస్తువు ఇముడుతుంది. బిగదీసి కట్టిన మూటలో చీపురుపుల్ల కూడా దూరదు. వ్యాపారం ఎందుకు నిలుస్తుంది, ఎందుకు కూలుతుంది అని వెతికే పరిశోధనలన్నీ చదివాక, తెగువ కన్నా తెలివి కన్నా ముందు చెప్పుకోవలసింది ఈ వెసులుబాటే అని నాకు గట్టిగా అనిపిస్తోంది.

డొమినికన్ రిపబ్లిక్‌లో చిన్న వ్యాపారులకు రెండు రకాల శిక్షణ ఇచ్చి చూశారు. ఒక వర్గానికి పద్ధతి ప్రకారం జమాఖర్చుల పాఠాలు చెప్పారు. ఇంకో వర్గానికి చెప్పింది గుర్తుంచుకోవడానికి తేలికైన కొన్ని సూత్రాలు. వాటిలో ముఖ్యమైనది ఇంటి డబ్బును, కొట్టు డబ్బును వేరువేరు చోట్ల ఉంచడం. 2014లో వచ్చిన ఫలితాల ప్రకారం జమాఖర్చుల పాఠాలతో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. సూత్రాలు నేర్చినవారి డబ్బు నిర్వహణ మెరుగుపడింది. రెండు సంచులు పెట్టుకోవడమే ఒక విద్య అన్నమాట.

శ్రీలంక కథ ఇంకా లోతైనది. అక్కడ చిన్న వ్యాపారులకు లాటరీ ద్వారా కొంత సొమ్ము ఉచితంగా ఇచ్చారు. 2008లో ప్రచురించిన లెక్కల్లో ఆ పెట్టుబడి మీద రాబడి నెలకు సుమారు 5 శాతం ఉంది. బ్యాంకులు వసూలు చేసే వడ్డీ కన్నా ఇది చాలా ఎక్కువ. కానీ స్త్రీలను, పురుషులను విడదీసి చూస్తే స్త్రీల వ్యాపారాల్లో లాభమే పెరగలేదు. ఆడవాళ్లకు వ్యాపార దక్షత తక్కువ అనే అర్థం దీనికి అంటుకోవడానికి ఎంతో సమయం పట్టదు. 2019లో మరో బృందం భారత్, శ్రీలంక, ఘనా లెక్కలను ఇల్లు ఇల్లుగా విప్పి చూసింది. ఆమె పేరిట వచ్చిన డబ్బు చాలా ఇళ్లలో భర్త వ్యాపారంలోకి చేరుతోంది. ఇంట్లో వ్యాపారం ఆమెది ఒక్కటే అయితే, ఆమెకు వచ్చే రాబడి మగవాళ్ల రాబడికి ఏమీ తీసిపోదు. సంచి ఎవరి రొంటిన ఉందన్నది చూడకుండా మనిషి సామర్థ్యాన్ని కొలిస్తే ఎంత పెద్ద తప్పు జరుగుతుందో చూడండి.

వెసులుబాటు అప్పులో కూడా ఉండవచ్చు. కోల్‌కతాలో సూక్ష్మరుణాలు, అంటే పేదలకిచ్చే చిన్న అప్పులు, తీసుకున్న స్త్రీలలో కొందరికి మొదటి వాయిదా రెండు వారాలకు మొదలైంది, కొందరికి రెండు నెలల గడువు ఇచ్చారు. తేడా అంతే. గడువు దొరికినవాళ్లు ఎక్కువ పెట్టుబడి పెట్టారు. మూడేళ్ల తర్వాత వాళ్ల వారపు లాభం 41 శాతం ఎక్కువ. అయితే బాకీ తీర్చలేకపోయినవారు కూడా ఆ వర్గంలోనే ఎక్కువ. ఆ మాట దాచకూడదు. ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరికితే మనిషి సాహసం చేస్తాడు, ప్రతి సాహసమూ ఫలించదు.

మరి ఎవరికి ఫలిస్తుంది? హైదరాబాదులో 104 బస్తీల్లో సగాన్ని ఎంచి, అక్కడ ముందుగా సూక్ష్మరుణాల శాఖలు తెరిచారు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం వచ్చిన మార్పులను కొలిచింది. సగటు కుటుంబం బతుకులో విప్లవమేదీ రాలేదు. కానీ రుణాలు రాకముందే ఏదో ఒక వ్యాపారం నడుపుతున్న కుటుంబాలను విడిగా చూస్తే, ఆరేళ్ల తర్వాత కూడా వాళ్ల వ్యాపారాలు పెద్దవిగానే ఉన్నాయి. రుణం వచ్చింది కదా అని మొదలుపెట్టినవాళ్లలో అలాంటి ఎదుగుదల లేదు. రుణం మంచిదా చెడ్డదా అని మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎన్నో ఏళ్లుగా వాదించుకుంటున్నాం. ఎవరి చేతిలో అన్న ప్రశ్న మాత్రం ఆ వాదనల్లో అరుదుగా వినిపిస్తుంది.

ఆ చేతిని ముందే గుర్తుపట్టగలమా? నాకు అన్నిటికన్నా ఇష్టమైన పరిశోధన దీని మీదే జరిగింది. మహారాష్ట్రలోని అమరావతి పట్టణంలో రేష్మాన్ హుస్సామ్, నటాలియా రిగోల్, బెంజమిన్ రోత్ చిన్న వ్యాపారులను ఇరుగుపొరుగు బృందాలుగా కూర్చోబెట్టి, మీలో ఎవరికి డబ్బు ఇస్తే వ్యాపారం ఎక్కువ పెరుగుతుందో వరుసగా చెప్పమన్నారు. ఆ తర్వాత లాటరీ తీసి కొందరికి సుమారు 100 డాలర్ల విలువైన సొమ్ము ఇచ్చారు. మొత్తం మీద ఆ సొమ్ము మీద రాబడి నెలకు 9.4 శాతం. పక్కవాళ్లు పై మూడో వంతులో పెట్టినవారికి మాత్రం 24 నుంచి 30 శాతం మధ్య వచ్చింది. చదువు, వయసు, ఆస్తి లాంటి వివరాలు సేకరించి వేసే అంచనాకు అందనిది కూడా ఇరుగుపొరుగుకు తెలుసు. ఎవరు తెల్లవారే లేస్తారో, ఎవరి మాట మీద మండీలో అరువు పుడుతుందో, ఎవరింట్లో డబ్బు కొట్టు దాకా చేరనివ్వరో ఏ దరఖాస్తు ఫారంలోనూ రాసి ఉండదు.

ఒక చిక్కు కూడా బయటపడింది. వాళ్లు చెప్పేదాన్ని బట్టే డబ్బు ఇస్తామంటే జవాబులు వంకర పోయాయి. సరిగ్గా చెప్పినవారికి చిన్న పారితోషికం ఇచ్చే ఏర్పాటు చేయగానే నిజం మళ్లీ బయటికి వచ్చింది. మనుషుల మీద నమ్మకం పెట్టుకుని, ఆ నమ్మకానికి తగిన ఏర్పాటు కూడా చేసిన ఈ పద్ధతి నాకు ఎంతో నచ్చింది.

చెన్నైలో పాత మహాబలిపురం రోడ్డు వెంట గాజు భవనాల్లో సంస్థలు పెట్టే యువతకు కూడా ఒక్క మాట చెప్పాలి. అమెరికా జనగణన శాఖ లెక్కల్లోని 27 లక్షల మంది వ్యవస్థాపకులను పియర్ అజూలే బృందం పరిశీలించింది. వెయ్యిలో ఒకటిగా అత్యంత వేగంగా ఎదిగిన సంస్థలను మొదలుపెట్టిన నాటికి వాటి వ్యవస్థాపకుల సగటు వయసు 45. అదే రంగంలో ముందు పనిచేసిన అనుభవం ఉన్నవాళ్లకు విజయావకాశాలు బాగా ఎక్కువ. ఇరవై రెండేళ్లకే తమ కాలం దాటిపోతోందని ఆందోళనపడే పిల్లలను నేను చాలామందిని చూశాను. వాళ్ల చేతికి ముందుగా ఈ లెక్క ఇవ్వాలనిపిస్తుంది.

అమరావతి పరిశోధన చదివిన వారమే మళ్లీ కోయంబేడు వెళ్లాను. ఆకుకూరలామె గోంగూర కట్టలు విదిలించి నీళ్లు చల్లుతోంది.

"అక్కా, ఈ వరుసలో ఎవరికైనా ఒకరికి ఆరు వేలు ఇస్తే, ఎవరి వ్యాపారం పెరుగుతుంది?" అని అడిగాను.

తన పేరు చెబుతుందనుకున్నాను. ఆమె తల కూడా ఎత్తకుండా మూడు కొట్ల అవతల కొత్తిమీర అమ్మే అమ్మాయి వైపు గడ్డం చూపించింది.

"ఆ పిల్లకు ఇవ్వు అన్నా. పన్నెండు దాటితే మిగిలిన కట్టలు హోటళ్లకు వేసేసి వస్తుంది. నేను సాయంత్రం దాకా వాడిపోయేది చూస్తూ కూర్చుంటాను. నాకు వెళ్లాలంటే ఇక్కడ కొట్టు చూసేవాళ్లు లేరు."