వ్యోమగామిని కలవడానికి అంత డబ్బు పెట్టొచ్చా? అపోహలు - వాస్తవాలు

అంతరిక్షానికి వెళ్లొచ్చినవాళ్లను జనం కలుసుకునే కార్యక్రమాలు ఏర్పాటు చేయడం నా పని. ఆటోగ్రాఫ్ బల్లలు, ఫొటో క్యూలు, విందులో ఎవరు ఏ టేబుల్ దగ్గర కూర్చోవాలన్న లెక్కలు అన్నీ మేమే చూసుకుంటాం. టికెట్ ధర చూసి ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమంది "ఇంత పెడితే దండగ అవుతుందా?" అని అడుగుతారు. నేను తిరిగి ఒకటే అడుగుతాను. మీకు కావలసింది సంతకమా, ఫొటోనా, నాలుగు మాటలా? మూడూ ఒకే టికెట్‌తో వచ్చేస్తాయనుకుని వచ్చినవాళ్లే ఎక్కువగా మొహం చిన్నబుచ్చుకుని వెళ్తారు.

అపోహ: ఎంత ఎక్కువ కడితే అంత ఎక్కువసేపు మాట్లాడొచ్చు.

వాస్తవం: ఆ ధర గిరాకీని బట్టి పెట్టింది. మీకిచ్చే నిమిషాలకీ దానికీ సంబంధం ఉండదు. ఫొటో టికెట్‌నే తీసుకోండి. బ్యాగు పక్కన పెట్టాలి, నిలబడాలి, కెమెరా వైపు చూడాలి, కదలాలి. క్యూ నడిపేవాళ్ల దగ్గర గంటకు ఇంతమందిని పంపాలన్న లెక్క ముందే ఉంటుంది. ఆ లెక్కలో మీ వంతుకు వచ్చేది కొన్ని సెకన్లే. "మీరంటే నాకు చిన్నప్పటి నుంచీ..." అని మొదలుపెట్టేలోపు తర్వాతి మనిషి వచ్చేస్తాడు. సంతకాల బల్ల దగ్గర పరిస్థితి కాస్త నయం. పెన్ను కదిలినంతసేపూ ఆయన మీ ఎదురుగానే ఉంటారు కాబట్టి ఒక ప్రశ్న అడగొచ్చు, జవాబు కూడా దొరుకుతుంది.

విందు టికెట్ల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. "వ్యోమగామితో విందు" అని ఉన్నంత మాత్రాన ఆయన మీ టేబుల్ దగ్గరే కూర్చుంటారని కాదు. హాలు మొత్తానికి ఒక్కరే వచ్చి, వేదిక మీద మాట్లాడి, టేబుళ్ల మధ్య ఒక చుట్టు తిరిగి వెళ్లిపోవచ్చు. ఒక్కో టేబుల్‌కు ఒక్కో వ్యోమగామిని కూర్చోబెట్టే విందులూ ఉన్నాయి. రెండింటి టికెట్లూ చూడటానికి ఒకేలా ఉంటాయి. మీ టేబుల్‌కు ఎవరు వస్తారు, ఎంతసేపు ఉంటారు, టేబుల్‌కు ఎంతమంది అతిథులు అన్నవి డబ్బు కట్టకముందే అడిగి తెలుసుకోండి.

అపోహ: ఎంత పేరున్న మనిషైతే అంత గొప్ప అనుభవం.

వాస్తవం: నా అనుభవంలో ఇది చాలాసార్లు తిరగబడింది. 1969 నుంచి 1972 వరకు చంద్రుడి మీద నడిచినవాళ్లు 12 మంది. ఇప్పుడు మిగిలినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 1969లో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ వెంట చంద్రుడి మీద దిగిన బజ్ ఆల్డ్రిన్ 1930లో పుట్టారు. చంద్రుడి మీద నడిచినవాళ్లందరిలోకీ చిన్నవాడైన చార్లీ డ్యూక్ 1935లో పుట్టారు. ఆ వయసువారిని గంటలకొద్దీ కూర్చోబెట్టలేం. చూడాలనుకునే జనం మాత్రం వేలల్లో ఉంటారు. పైగా వాళ్లను అర్ధశతాబ్దంగా అందరూ అడుగుతున్నది ఒకటే: "అక్కడ ఎలా అనిపించింది?" దానికి వాళ్ల దగ్గర ఎప్పుడో నలిగిపోయిన జవాబు ఒకటి సిద్ధంగా ఉంటుంది. ఎంతో డబ్బు పెట్టి మీరు వినేది బహుశా దాన్నే.

స్పేస్ షటిల్ (అంతరిక్షానికి వెళ్లి విమానంలా తిరిగొచ్చి దిగే నాసా వాహనం) రోజుల వాళ్లతో ఇలా ఉండదు. 1981 నుంచి 2011 వరకు షటిల్ 135 సార్లు ఎగిరింది. జెర్రీ రాస్, ఫ్రాంక్లిన్ చాంగ్ డియాజ్ అయితే చెరో ఏడుసార్లు అంతరిక్షానికి వెళ్లొచ్చారు. వీధిలో ఎదురైతే వాళ్లను గుర్తుపట్టేవాళ్లు తక్కువ. ఇలాంటివాళ్ల బల్ల దగ్గర క్యూ చిన్నది, టికెట్ చౌక, కబుర్లు ఎక్కువ. అంతరిక్షంలో తిరిగే హబుల్ టెలిస్కోప్‌ను 1993లో షటిల్‌లో వెళ్లినవాళ్లు కక్ష్యలోనే మరమ్మతు చేశారు. ఒత్తిడితో బిగుసుకుపోయిన చేతి తొడుగులతో స్క్రూ తిప్పడం ఎంత కష్టమో, గంటలకొద్దీ చేస్తే వేలి గోళ్లు ఏమవుతాయో, అలాంటి పని చేసినవాళ్లనే అడగండి. మీరు ఆపేదాకా చెబుతూనే ఉంటారు. వాళ్లను ఆ ప్రశ్న అడిగేవాళ్లే అరుదు మరి.

ఫ్లోరిడాలోని కెనడీ స్పేస్ సెంటర్ సందర్శకుల కేంద్రంలో మాజీ వ్యోమగాములు మాట్లాడే కార్యక్రమం మామూలు ప్రవేశ టికెట్‌లోనే కలిసి ఉంటుంది. చిన్న గుంపుతో కూర్చుని మాట్లాడే కార్యక్రమానికి విడిగా టికెట్ ఉంటుంది. నన్నడిగితే డబ్బు పెట్టదగినది ఆ రెండోది.

అయితే ఒక మాట. చంద్రుడి మీద నడిచిన మనిషిని ఒక్కసారైనా దగ్గరగా చూడాలన్నది మీ జన్మలో కోరికైతే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి వెళ్లండి. "వచ్చే ఏడాది చూద్దాం" అని మాత్రం అనుకోవద్దు. దొరికేది ఇరవై సెకన్లేనని తెలిసి వెళ్లినవాళ్లు సంతోషంగానే తిరిగి వెళ్లడం చూశాను.

అపోహ: డబ్బు కట్టకుండా వ్యోమగామిని కలవడం కుదరదు.

వాస్తవం: నా వ్యాపారానికి నష్టమే అయినా చెబుతాను. ప్రస్తుతం నాసాలో పనిచేస్తున్న వ్యోమగాములు ప్రభుత్వ ఉద్యోగులు. ఉద్యోగంలో భాగంగా ఎక్కడికైనా వచ్చి మాట్లాడితే వాళ్లు ఫీజు తీసుకోరు. బడులు, మ్యూజియాలు, సంస్థలు నాసాకే నేరుగా విన్నపం పెట్టుకోవచ్చు. విన్నపాలు ఎక్కువ, వ్యోమగాములు తక్కువ కాబట్టి ఓపిక కావాలి, అంతే. 1985లో ఏర్పడిన అసోసియేషన్ ఆఫ్ స్పేస్ ఎక్స్‌ప్లోరర్స్ అనే సంఘంలో చాలా దేశాల వ్యోమగాములు సభ్యులు. వాళ్ల సమావేశం ఒక్కోసారి ఒక్కో దేశంలో జరుగుతుంది. అందులో ఒక రోజు సభ్యులంతా విడివిడిగా బడులకు, కాలేజీలకు వెళ్లి మాట్లాడతారు.

పిల్లల కోసమైతే నేను అన్నిటికన్నా ముందు చెప్పేది రేడియో. 1983లో ఓవెన్ గారియట్ అనే వ్యోమగామి కొలంబియా షటిల్ నుంచి హామ్ రేడియోలో (ఔత్సాహికులు లైసెన్సు తీసుకుని నడుపుకునే రేడియో) భూమి మీదివాళ్లతో మాట్లాడారు. అంతరిక్షం నుంచి అలా మాట్లాడిన మొదటి మనిషి ఆయనే. ఇప్పుడు ఆరిస్ అనే కార్యక్రమం ద్వారా బడి పిల్లలు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉన్నవాళ్లతో నేరుగా మాట్లాడొచ్చు. దొరికేది పది నిమిషాలే. దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తులో గంటకు 28,000 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కేంద్రం ఒక దిక్కున తేలి ఇంకో దిక్కున మునిగేలోపు అంతకన్నా సమయం ఉండదు. పిల్లలు ప్రశ్నలు రాసుకుని వరుసలో నిలబడి ఒకరి తర్వాత ఒకరు అడుగుతారు. దీనికి నెలల ముందే దరఖాస్తు చేయాలి, పాఠాలతో ముడిపెట్టిన ప్రణాళిక చూపించాలి, స్థానిక హామ్ రేడియో వాళ్ల సాయం తీసుకోవాలి. బడికి శ్రమే. కానీ కక్ష్యలో తిరుగుతున్న మనిషి తన ప్రశ్నకే జవాబు చెప్పడం ఒక పిల్లకి మిగిల్చే అనుభూతిని నా ఫొటో టికెట్లు ఏవీ ఇవ్వలేవు. చిన్న పిల్లలను ఖరీదైన విందులకు తీసుకురావద్దని కూడా ఇక్కడే చెప్పేస్తాను. ప్రసంగం సగంలోనే నిద్రపోతారు.

అపోహ: వ్యోమగాములు సంతకానికి డబ్బు అడగడం అత్యాశ.

వాస్తవం: మనిషి మొదటిసారి చంద్రుడి మీద దిగిన అపోలో 11 యాత్రకు ఆల్డ్రిన్ పెట్టిన ప్రయాణ ఖర్చుల బిల్లు 33 డాలర్ల 31 సెంట్లు. ఆయన అప్పట్లో వైమానిక దళ అధికారి, జీతం మామూలు సైనిక జీతమే. ఆ యాత్రకు ముందు అందులో వెళ్లిన ముగ్గురూ కట్టల కొద్దీ తపాలా కవర్ల మీద సంతకాలు చేసి వెళ్లారు. తాము తిరిగి రాకపోతే వాటిని అమ్ముకుని కుటుంబాలు బతకాలని. అంటే వాళ్ల సంతకానికి ధర పలుకుతుందని చంద్రుడి మీదికి వెళ్లకముందే వాళ్లకు తెలుసు. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చాలా ఏళ్లు అడిగినవాళ్లకల్లా ఊరికే సంతకం పెట్టారు. జనం వాటిని అమ్ముకోవడం చూసి 1990ల్లో మానేశారు. 2005లో ఆయన జుట్టు కత్తిరించిన క్షురకుడు ఆ వెంట్రుకలను 3,000 డాలర్లకు అమ్మేసిన సంగతి బయటపడింది. ఇంత చూశాక బల్ల మీద ధరల పట్టిక పెట్టే మనిషిని నేను తప్పుపట్టను.

కొన్ని కార్యక్రమాల డబ్బు మంచి పనులకే పోతుంది. అమెరికా మొదటిసారి మనుషులను అంతరిక్షానికి పంపిన మెర్క్యురీ కార్యక్రమానికి ఎంపికైన ఏడుగురు వ్యోమగాముల్లో అప్పటికి బతికున్న ఆరుగురు, మరికొందరు కలిసి 1984లో మొదలుపెట్టిన సంస్థ ఇప్పుడు ఆస్ట్రోనాట్ స్కాలర్‌షిప్ ఫౌండేషన్ పేరుతో సైన్స్, ఇంజినీరింగ్ విద్యార్థులకు ఉపకారవేతనాలు ఇస్తోంది. అలాగని "సేవ కోసం" అని రాసి ఉన్న ప్రతి టికెట్టూ సేవకే పోతుందనుకోకండి. ఎంత శాతం, ఏ సంస్థకు అని అడగండి.

అపోహ: ఈ సంతకం మంచి పెట్టుబడి.

వాస్తవం: అమ్ముకోవాలనే ఉద్దేశం ఉంటే మీ పేరు రాయించుకోకండి. "ఫలానావారికి శుభాకాంక్షలతో" అని ఉన్న ఫొటోకు సాధారణంగా ధర తగ్గుతుంది. బల్ల దగ్గర మాత్రం ఆ వాక్యానికి అదనంగా వసూలు చేస్తారు, తమాషా చూడండి. మీతో కలిసి దిగిన ఫొటోను కొనేవాళ్లు ఎవరూ ఉండరు. ఎదురుగా కూర్చుని పెట్టించుకున్న సంతకానికి ఒక లాభం మాత్రం ఉంది, అది నిజమైనదని మీకు తెలుసు. 1960ల్లో నాసా అభిమానులకు పంపిన చాలా ఫొటోల మీద సంతకం పెట్టింది ఆటోపెన్ అనే యంత్రం. ఆర్మ్‌స్ట్రాంగ్ పేరుతో తిరిగే నకిలీల సంగతి చెప్పక్కర్లేదు.

అపోహ: డబ్బు కట్టాక ఏదైనా అడగొచ్చు.

వాస్తవం: అడగొచ్చు, కానీ "నిజంగా వెళ్లారా?" అని మాత్రం వద్దు. 2002లో ఆల్డ్రిన్‌ను అబద్ధాలకోరు, పిరికివాడు అని వెంటపడిన ఒకతను ఆయన చేతిలో గుద్దు తిన్నాడు. అప్పటికి ఆయనకు 72 ఏళ్లు. అధికారులు ఆయనపై కేసు పెట్టలేదు.

అపోహ: టికెట్ కొంటే వ్యోమగామి వచ్చి తీరతారు.

వాస్తవం: తొంభై ఏళ్ల మనిషికి ఆ పొద్దున జ్వరం వచ్చినా రారు, డాక్టర్ విమానం ఎక్కొద్దన్నా రారు. కొందరు నిర్వాహకులు అప్పుడు వేరొకరిని కూర్చోబెట్టి డబ్బు తమ దగ్గరే ఉంచుకుంటారు. కొందరు వచ్చే ఏడాది టికెట్ ఇస్తారు, కొందరు పూర్తిగా తిరిగిస్తారు. మీ ప్రయాణం, హోటల్ ఖర్చులు మాత్రం ఎవరూ ఇవ్వరు. అందుకే విమానం టికెట్ కొనేముందే రీఫండ్ సంగతి రాతపూర్వకంగా అడగండి. "అలాంటిదేం జరగదులెండి" అని నోటిమాటతో సరిపెట్టే నిర్వాహకుడి దగ్గర కొనకండి.