పక్షికి కనిపించని భవనం

చిత్తడి నేల దగ్గర సందర్శకుల కేంద్రం కట్టాలంటే గదుల లెక్కకంటే ముందు తేల్చాల్సింది ఒకటుంది: మనిషి నీటి అంచు దాకా ఎలా వస్తాడు? కొల్లేటి ఒడ్డున ఆటపాకలో గూడబాతులు, అంటే పెలికాన్లు, నీళ్లలో పాతిన ఇనుప స్టాండ్ల మీద కూడా గూళ్లు పెడతాయి. గట్టు మీద నిలబడ్డ మనిషి వాటికి ఆకాశం ముందు నల్లటి ఆకారంలా కనిపిస్తాడు. బెదిరి తల్లి లేచిందంటే ఆ కాసేపట్లోనే కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి, ఈకలు రాని పిల్లలకు ఎండదెబ్బ తగులుతుంది.

అందుకే హాంకాంగ్ వెట్‌ల్యాండ్ పార్క్ భవనమంటే నాకు ఎంతో ఇష్టం. తిన్ షుయ్ వాయ్ కొత్త పట్టణం వల్ల పోయిన చిత్తడి నేలలకు పరిహారంగా, సుమారు 60 హెక్టార్లలో ఆ పార్కును 2006లో తెరిచారు. భవనం కప్పు మీద పచ్చిక పెంచి, ఏటవాలుగా నేలలో కలిపేశారు. పట్టణం వైపు నుంచి చూస్తే అదొక పచ్చటి దిబ్బ. మట్టి ఎండను ఆపుతుంది కాబట్టి ఏసీల మీద భారమూ తగ్గుతుంది.

పక్షుల్ని చూసే గది నీటికి దక్షిణాన ఉండి, కిటికీ ఉత్తరానికి తెరుచుకోవాలి. కొల్లేటికి వలస పక్షులొచ్చే చలికాలంలో సూర్యుడు దక్షిణంగా ఉంటాడు. అప్పుడు వెలుగు మన వీపు వెనక నుంచి పక్షి మీద పడుతుంది, నీటి మెరుపు కళ్లలో కొట్టదు. లోపల మాత్రం చీకటిగా ఉండాలి. వెనక తలుపు తెరిచి ఉంచితే మళ్లీ అదే నల్లటి ఆకారం! పెద్ద అద్దాలు పెడితే వాటిలో కనిపించే ఆకాశాన్ని నిజమనుకుని పక్షులు గుద్దుకుంటాయి. అద్దం బయటివైపు రెండు అంగుళాలకొక చుక్క వేస్తే ఆ ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది టాయిలెట్లే. భూగర్భ జలం పైపైనే ఉండే చోట ఇంకుడు గుంట పనిచేయదు. మురుగులోని నత్రజని, భాస్వరం సరస్సులో కలిస్తే గుర్రపుడెక్కకు ఎరువు వేసినట్టే. సెప్టిక్ ట్యాంకు దాటిన నీటిని, అడుగున నీరు ఇంకని పొర వేసి కంకర నింపిన మడిలోకి వదిలి, అందులో కిక్కిస గడ్డి పెంచాలి. వేళ్లనూ కంకరనూ పట్టుకుని బతికే సూక్ష్మజీవులు మురుగును తిని, నత్రజనిలో చాలా భాగాన్ని వాయువుగా మార్చి గాల్లోకి పంపేస్తాయి. భాస్వరం అలా పోదు; కంకరకు అంటుకుంటుంది, కొంత గడ్డిలో చేరుతుంది. కాబట్టి కంకరను ఎప్పటికప్పుడు చూసుకోవాలి, గడ్డి కోసి బయటికి తరలించాలి. ఈ మడికి స్థలం మొదటి ప్లానులోనే కేటాయించాలి, పార్కింగ్ గీశాక మిగిలిన మూలలో కాదు.