మేడికాయకు బోరు వేసే కందిరీగ

"మేడికాయ మీద ఎక్కడా చిల్లి కనిపించదు. మరి లోపలికి పురుగులు ఎలా వెళ్తాయి?" అని ఒక పాఠకురాలు అడిగారు. చాలా మంచి ప్రశ్న. దీనికి సగం జవాబు చాలా పుస్తకాల్లో ఉంటుంది. నన్ను పట్టి లాగేది మాత్రం మిగతా సగం.

తెలిసిన సగం చప్పున చెప్పేస్తాను. మేడికి పూలు కాయ లోపలి గోడకు పూస్తాయి. అందుకే అది పూయకుండానే కాస్తుందని అంటారు. కాయ కొసన ఉన్న సన్నటి దారిలోంచి రెండు మిల్లీమీటర్ల ఆడ కందిరీగ లోపలికి దూరుతుంది. దారి ఎంత ఇరుకంటే రెక్కలు అక్కడే ఊడిపోతాయి. పూలకు పుప్పొడి అంటించి, కొన్నిటిలో గుడ్లు పెట్టి, లోపలే చనిపోతుంది. పిల్లలు పెరిగాక మగవి గోడకు కన్నం వేస్తాయి, ఆడవి పుప్పొడి మోసుకుని ఎగిరిపోతాయి. ఈ కందిరీగ లేకపోతే మేడికి విత్తనమే ఉండదు. పైకి మంచివాడై లోపల చెడ్డవాడైన మనిషిని మేడిపండుతో పోల్చి పిల్లలకు నీతి చెబుతాం. దత్తాత్రేయుడి చెట్టని చుట్టూ ప్రదక్షిణలూ చేస్తాం. ఆ నీతితోపాటే ఈ జీవశాస్త్రం కూడా చెబితే ఎంత బాగుంటుంది!

ఇక మిగతా సగం. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఆవరణశాస్త్రవేత్త రెనీ బోర్జెస్ బృందం మేడిచెట్టు మీద ఏళ్ల తరబడి పనిచేసింది. పుప్పొడి తెచ్చే కందిరీగ కాక మరో ఆరు జాతులు ఈ కాయ మీద ఆధారపడతాయి. ఇవి దారిలోంచి దూరవు. బయట కాయ మీద నిలబడి, ఒంటి చివర ఉండే సూదిలాంటి గుడ్లు పెట్టే గొట్టాన్ని గోడలోంచి దింపి గుడ్లు పెడతాయి. కొన్ని కాయ లేతగా ఉన్నప్పుడే వస్తాయి. మరికొన్ని కాయ ముదిరాక వచ్చి, లోపల పెరుగుతున్న వేరే కందిరీగల పిల్లలను తమ పిల్లలకు ఆహారం చేస్తాయి.

ఆ సూది వెంట్రుక కంటే సన్నం. ఒక చీపురుపుల్ల తీసుకుని పచ్చి మామిడికాయలోకి గుచ్చి చూడండి, దిగకముందే వంగిపోతుంది. దీని వెనక గట్టి లెక్క ఉంది. సన్నటి కడ్డీ పొడవు రెట్టింపయితే, వంగకుండా తట్టుకునే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. మందం సగమైతే పదహారో వంతుకు పడిపోతుంది. కందిరీగ సూదికి ఈ రెండు కష్టాలూ ఉన్నాయి: పొడవు ఎక్కువ, మందం తక్కువ.

కిటుకు సూది కట్టుబడిలో ఉంది. అది ఒకటే ముక్క కాదు. పైన ఒక పలక, కింద రెండు పలకలు. ఒకదాని గాడిలో మరొకటి జారుతూ ముందుకీ వెనక్కీ కదులుతాయి. ఒక పలకకున్న రంపపు పళ్లలాంటి పళ్లు గోడను పట్టుకుని ఉంటే, ఆ పట్టు ఆసరాతో రెండోది కాస్త ముందుకు జరుగుతుంది. తర్వాత అది పట్టుకుంటే మొదటిది జరుగుతుంది. తోసే బలమంతా ఒక్కసారిగా సూది మీద పడదు. అయినా తొలిచేటప్పుడు సూది అప్పుడప్పుడు వంగుతుంది, మళ్లీ సర్దుకుంటుంది.

పళ్ల సంగతి ఇంకా అద్భుతం. 2011లో బోర్జెస్ బృందం ఈ జాతుల సూదులను పక్కపక్కన పెట్టి పోల్చింది. ఏ జాతి ఎప్పుడు వస్తుందో, ఎవరి మీద బతుకుతుందో దాన్ని బట్టే సూది నిర్మాణం ఉంది. 2014లో అదే సంస్థలో లక్ష్మీనాథ్ కుందనాటి, నమ్రతా గుండయ్య ఇంకో మెట్టు ఎక్కారు. ముదురు కాయకు బోరు వేసే పరాన్నజీవి కందిరీగ సూది మొనలో పళ్లకు జింకు పట్టి ఉంది! పుప్పొడి తెచ్చే కందిరీగ సూది నున్నగా ఉంటుంది. అది గోడ తొలవాల్సిన పని లేదు కదా.

ఇంత పనితనానికీ ఒక చిక్కుంది. సూది గోడలో దిగి ఉన్నంతసేపూ కందిరీగ చటుక్కున ఎగిరిపోలేదు. మేడిచెట్టు మీద తిరిగే, ఆకులు కలిపి గూడు కట్టే ఎర్రచీమలకు దాన్ని పట్టుకోవడానికి అదే అదను. దక్షిణాఫ్రికాలోని మరో మేడి జాతి మీద 1988లో వచ్చిన పరిశోధన ఇలాంటి చీమల కాపలా విలువను లెక్కగట్టింది. చీమలు తిరిగే కాయల్లో బయటినుంచి గుడ్లు పెట్టే కందిరీగల బెడద తగ్గింది, విత్తనాలూ పుప్పొడి తెచ్చే కందిరీగలూ పెరిగాయి.